సినిమా చదువు: మన రాష్ట్రాల్లో ఎక్కడ, ఎలా?

పిల్లలు సినిమా చదువుతామంటే మన ఇళ్లలో పెద్దల మొదటి ప్రశ్న, ‘హైదరాబాదు పంపాలా?’ అని. అక్కర్లేదు. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ (1932) తయారైంది బొంబాయిలో. ఆ తర్వాత దశాబ్దాలపాటు తెలుగు సినిమాకు మద్రాసే ఇల్లు. సినిమా నేర్పే పాత విద్యాసంస్థలు కూడా మనం స్థిరపడ్డ రాష్ట్రాల్లోనే ఉన్నాయి.

రెండు దారులు

ఒకటి సినిమా తీయడం నేర్పేది: దర్శకత్వం, కెమెరా, ఎడిటింగ్, సౌండ్. రెండోది సినిమాను చదివేది: చరిత్ర, విమర్శ, సమాజంతో దాని సంబంధం. మొదటిది స్టూడియోల వైపు, రెండోది బోధన, పరిశోధన, రచనల వైపు తీసుకెళ్తుంది.

మహారాష్ట్ర

పుణేలోని ఎఫ్‌టీఐఐ 1960లో పాత ప్రభాత్ స్టూడియో ఆవరణలో మొదలైంది. దర్శకత్వం, కెమెరా, ఎడిటింగ్, సౌండ్ కోర్సులు మూడేళ్లు. ఏదైనా డిగ్రీ ఉండాలి, ప్రవేశ పరీక్ష రాయాలి. సౌండ్‌కు ప్లస్ టూలో ఫిజిక్స్ చదివి ఉండాలి. 2025లో ఈ సంస్థకు డీమ్డ్ యూనివర్సిటీ హోదా వచ్చింది.

తమిళనాడు

చెన్నై తరమణిలోని ఎం.జి.ఆర్. ప్రభుత్వ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ మూలాలు 1945 నాటివి. ప్లస్ టూ తర్వాత ఇక్కడ విజువల్ ఆర్ట్స్ డిగ్రీలో చేరవచ్చు. లయోలా వంటి కాలేజీల్లో విస్‌కామ్ మరో మార్గం.

కర్ణాటక

బెంగళూరు ఎస్.జె. పాలిటెక్నిక్‌లో 1943లోనే సినిమా ఛాయాగ్రహణం నేర్పారు. ఫాల్కే అవార్డు పొందిన కెమెరామన్ వి.కె. మూర్తి అక్కడి విద్యార్థే. ఇప్పుడు హెసరఘట్టలోని ప్రభుత్వ సంస్థ డిప్లొమా ఇస్తోంది.

ఒడిశా, యానాం

కటక్‌లో బిజూ పట్నాయక్ ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. యానాం పిల్లలకు పుదుచ్చేరి కేంద్రీయ విశ్వవిద్యాలయంలో మాస్ కమ్యూనికేషన్ పీజీ ఉంది. యానాం ప్రాంతంలోని కనకాలపేటలో పుట్టిన దేవదాస్ కనకాల పుణేలో నటన చదివి, తర్వాత ఎందరికో గురువయ్యారు.

చేరేముందు చూడాల్సినవి

• స్థానికత: రాష్ట్ర కోటాకు సాధారణంగా చూసేది నివాసం, చదివిన ఊరు, మాతృభాష కాదు. తరాలుగా ఉన్న రాష్ట్రంలో మన పిల్లలు స్థానికులే. అదే హైదరాబాదులోనైతే, తెలుగువాళ్లయినా స్థానికేతరులుగా లెక్కకొచ్చే అవకాశం ఎక్కువ. నేటివిటీ సర్టిఫికెట్ ముందే తీసుకోండి.

• పట్టా: డిగ్రీ, డిప్లొమా, సర్టిఫికెట్ ఒకటి కావు. ప్రైవేటు అకాడమీలో ఫీజు కట్టేముందు ఏ విశ్వవిద్యాలయం పట్టా ఇస్తుందో రాతపూర్వకంగా అడగండి. సర్టిఫికెట్ ఒక్కటే ఉంటే పీజీ, నెట్, అధ్యాపక ఉద్యోగాలకు దారి మూసుకుపోతుంది.

• ఖర్చు: ఫీజుతోపాటు హాస్టల్, చివరి ఏడాది తీసే చిత్రానికయ్యే ఖర్చు ఎవరు భరిస్తారో తెలుసుకోండి.

• భాష: పాఠాలు ఏ భాషలో చెబుతారో, విద్యార్థి చిత్రాన్ని తెలుగులో తీయనిస్తారో కనుక్కోండి. హోసూరు తెలుగు, బరంపురం తెలుగు తెర మీద వినబడేది అరుదు. ఆ మాట ఇంట్లో విని పెరిగిన పిల్లలే దాన్ని అక్కడికి తీసుకెళ్లగలరు.