వాల్తేరుకు రాసిన చీటీ

జ్వరానికో, గాయానికో ఆసుపత్రిలో చేరిన రోగి మానసిక స్థితిపై చికిత్స చేస్తున్న వైద్యుడు మనోవైద్యుని సలహా తెప్పించుకుంటే దాన్ని కన్సల్టేషన్ అంటారు. రోగినే మరో ఆసుపత్రికి అప్పగిస్తే రిఫరల్ అంటారు. మొదటి పద్ధతిలో మనోవైద్యుడు రోగి మంచం దగ్గరికి వస్తాడు, రెండో దానిలో రోగే బయలుదేరాలి. నర్సీపట్నం, దాని ఎగువనున్న చింతపల్లి, కొయ్యూరు మన్యం ప్రాంతాలలో మానసిక వ్యాధికి జరిగిన వైద్యం చాలాకాలం ఈ రెండో దారినే నడిచింది, ఆ దారి సుమారు 80 కిలోమీటర్ల దూరంలోని విశాఖపట్నంలో ముగిసేది.

మద్రాసు ప్రెసిడెన్సీలో 19వ శతాబ్దపు రెండో సగం నాటికి మద్రాసు, కాలికట్, విశాఖపట్నం అనే మూడు చోట్ల ప్రభుత్వ ఉన్మాద శరణాలయాలు ఏర్పడగా, వాటిలో తెలుగు జిల్లాలలో ఉన్నది విశాఖపట్నంలోని వాల్తేరు శరణాలయం ఒక్కటే. నర్సీపట్నం ఆనాడు గొలుగొండ తాలూకాకు ముఖ్యకేంద్రం. మన్యం చలిజ్వరాలకు పేరుమోసిన ఆ తాలూకాలో మతి తప్పినవారిని గాలి సోకిందనో, చిల్లంగి పెట్టారనో భావించి ముందుగా మంత్రగాని వద్దకు తీసుకుపోవడం వాడుకగా ఉండేది. ఆ నమ్మకాన్ని అజ్ఞానమని తీసిపారేయడం సులువే గాని, కొండదారుల్లో వైద్యుడు అందుబాటులో లేని కాలంలో జనానికి మరో దిక్కు ఏముండేదన్నది ఆలోచించవలసిన విషయం.

1912 నాటి భారత ఉన్మాద చట్టం రోగిని వైద్యుని కంటే ముందు మేజిస్ట్రేటు ఎదుట నిలబెట్టింది. బంధువు అర్జీ పెట్టుకోవాలన్నా, అర్జీదారు అంతకు ముందు 14 రోజులలోపు రోగిని స్వయంగా చూసి ఉండాలి, ఇద్దరు వైద్యుల ధ్రువపత్రాలు జతపరచాలి, ఆ తరువాతనే శరణాలయంలో చేర్చుకునే ఉత్తర్వు వెలువడేది. దిక్కులేక తిరుగాడుతున్న రోగినైతే పోలీసులే పట్టుకొని న్యాయస్థానంలో హాజరుపరచేవారు. ఈ ఏర్పాటులో సాధారణ ఆసుపత్రికి ధ్రువపత్రం రాసివ్వడాన్ని మించిన పాత్ర దాదాపుగా లేదు. వ్యాధి పేరుతో ఠాణా, కోర్టు మెట్లెక్కవలసి రావడం వల్ల కలిగిన అవమానభయం చట్టం మారిన తరువాత కూడా కుటుంబాలను విడిచిపోలేదు. పిచ్చాసుపత్రి అన్న మాట నేటికీ తిట్టుగా వినబడడానికి ఆ చరిత్ర కొంతవరకైనా కారణం.

ఇదే కాలంలో మరోచోట వేరే ఆలోచన రూపుదిద్దుకుంటోంది. అమెరికాలోని ఆల్బనీ నగరంలో 1902లోనే సాధారణ ఆసుపత్రి ఆవరణలో మానసిక రోగులకు ప్రత్యేక విభాగం తెరిచారు; 1934లో కొలరాడోలో ఎడ్వర్డ్ బిల్లింగ్స్, మనోవైద్యుడు తక్కిన వార్డుల వైద్యులతో కలిసి పనిచేసే శాఖను నెలకొల్పాడు. మన దేశంలో గిరీంద్రశేఖర్ బోస్ 1933లో కలకత్తాలోని కార్మైకేల్ వైద్య కళాశాలలోను, మసానీ 1938లో బొంబాయి జె.జె. ఆసుపత్రిలోను మనోవైద్య క్లినిక్కులు ప్రారంభించారు. విశాఖపట్నంలో 1923లో వైద్య కళాశాల మొదలై, అదే సంవత్సరం కింగ్ జార్జి ఆసుపత్రి తెరుచుకున్నా, మానసిక వైద్యాలయం మాత్రం దానికి దూరంగా వాల్తేరులో, వేరే ప్రహరీ లోపలే ఉండిపోయింది.

ఈ దూరం వల్ల జరిగే నష్టం రెండు రకాల కేసులలో స్పష్టంగా కనిపిస్తుంది. మలేరియా మెదడుకు ఎక్కినవాడు కేకలు వేస్తాడు, అయినవారిని గుర్తుపట్టడు, మంచం దిగి పరుగెత్తబోతాడు. చూసేవారికి అది ఉన్మాదమే అనిపిస్తుంది గాని అతనికి కావలసింది రక్తపరీక్ష, మలేరియా మందు. మద్యానికి బాగా అలవాటుపడినవాడు కాలు విరిగి వార్డులో చేరితే, తాగుడు హఠాత్తుగా ఆగిన రెండు మూడు రోజులకు చేతులు వణికి, లేని పురుగులు పక్కమీద పాకుతున్నట్టు కనబడి, జ్వరం, చెమటలు పట్టి ప్రాణం మీదికి రావచ్చు. వైద్యపరిభాషలో సన్నిపాత స్థితి అనదగిన ఈ రెండింటిలోను రోగిని బండిలో వేసి మానసిక ఆసుపత్రికి పంపడం ప్రమాదకరం; మంచం దగ్గరే గుర్తించి, శరీర వ్యాధికి చికిత్స చేయడమే వైద్యం.

పురుగుల మందు తాగి వచ్చినవారి విషయంలో లోపం మరింత బాధాకరం. విషం విరిగి ఊపిరి నిలబడగానే రోగిని ఇంటికి పంపడమే చాలాకాలం ఆనవాయితీగా సాగింది. వైద్యుడు మెడికోలీగల్ కేసుగా నమోదు చేసి పోలీసులకు తెలిపితే, శిక్షాస్మృతిలోని 309వ సెక్షను ప్రకారం ఆ ప్రయత్నం నేరమయ్యేది; అందువల్ల కుటుంబం పొరపాటున తాగాడని చెప్పుకోవలసి వచ్చేది, అసలు దుఃఖం ఏమిటో కేసు షీటులోకి ఎక్కేదే కాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2018 మే 29 నుంచి అమలులోకి వచ్చి, అటువంటి వ్యక్తి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలని, అతనికి చికిత్స, పునరావాసం కల్పించడం ప్రభుత్వ బాధ్యత అని నిర్దేశించింది.

చికిత్సను ఊళ్లకు చేర్చే ప్రయత్నం అంతకు ముందే మొదలైంది. 1982 నాటి జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమానికి కొనసాగింపుగా 1996లో జిల్లా కార్యక్రమాన్ని ప్రారంభించినప్పుడు, తొలి విడతలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి మెదక్ జిల్లాను ఎంపిక చేశారు. 2017 చట్టం మరొక అడుగు వేసి, ప్రాథమిక స్థాయి మొదలు అన్ని స్థాయిల సాధారణ ఆరోగ్య సేవలలోను మనోవైద్యాన్ని కలపాలని చెప్పింది; అత్యవసరమైతే రిజిస్టరైన ఏ వైద్యుడైనా 72 గంటల వరకు చికిత్స చేయవచ్చని అనుమతించింది. మన్యం అంచున ఉన్న నర్సీపట్నం వంటి ఊరికి ఈ నిబంధన ఎంతో విలువైనది, ఎందుకంటే రాత్రివేళ కొండమీది నుంచి దిగివచ్చిన రోగికి వాల్తేరు చీటీ రాయడం ఒక్కటే మార్గమన్న మాట ఇక చెల్లదు.

2022 డిసెంబరులో నర్సీపట్నం సమీపంలోని మాకవరపాలెం వద్ద ప్రభుత్వ వైద్య కళాశాలకు శంకుస్థాపన జరిగింది. అక్కడ ఏర్పడే మనోవైద్య శాఖను విడి భవనానికి పరిమితం చేయకుండా, జ్వరాల వార్డులోను, ఎముకల వార్డులోను, ప్రసూతి వార్డులోను మనోవైద్యుడు రోజూ కనబడేటట్టు పాలకులు ఏర్పాటు చేయాలి. అంతవరకు, అదే ఏడాది అక్టోబరు 10న దేశమంతటా ప్రారంభమైన టెలీ మానస్ ఉచిత సేవ 14416 నంబరులో తెలుగులోను పలుకుతుంది. ఆ నంబరు ఏజెన్సీలోని ప్రతి ఓపీ చీటీ మీద అచ్చుకావాలి.