బసకు సభ్యత్వం.. లాభమెంత? భారమెంత?

హోటళ్లు, అతిథిగృహాలు, సత్రాల్లో దిగేవారు తెలుసుకోవలసిన అంశాలు

నల్గొండ, మహబూబ్‌నగర్: దైవదర్శనం, వైద్యం, వ్యాపారం, పిల్లల చదువు, పెళ్లిళ్లు.. కారణమేదైనా ఇల్లు విడిచి పరాయి ఊళ్లో ఒకటి రెండు రాత్రులు గడపవలసిన అవసరం దాదాపు ప్రతి కుటుంబానికీ ఏర్పడుతోంది. గది కోసం వెళ్లిన చోటల్లా ‘మా సభ్యత్వం తీసుకుంటే రాయితీ, పాయింట్లు, ఉచిత రాత్రులు’ అన్న మాట వినిపిస్తోంది. ఈ సభ్యత్వాల్లో కొన్ని పూర్తిగా ఉచితం. కొన్నింటికి ఏటా రుసుము చెల్లించాలి. మరికొన్ని లక్షల రూపాయలతో కూడిన ఒప్పందాలు. పేరొకటే అయినా మూడింటి స్వభావం వేరు. వాటి మధ్య భేదం తెలియక సంతకం చేసినవారు తర్వాత చింతించవలసి వస్తోంది. ఉమ్మడి నల్గొండ, పాలమూరు జిల్లాల వాసులకు ఉపకరించే వివరాలివి.

పాత రోజుల్లో..

బాటసారికి ఆశ్రయమివ్వడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. పుణ్యక్షేత్రాల్లో సత్రాలు, పట్టణాల్లో సరాయిలు, ముసాఫిర్‌ఖానాలు, అధికారుల కోసం డాక్ బంగళాలు ఉండేవి. నిజాం కాలపు సరాయి ఒకటి హైదరాబాద్‌లో నాంపల్లి రైల్వేస్టేషన్ చెంతనే నిర్మితమైంది. నమ్మకంగా వచ్చే అతిథికి ప్రత్యేక మర్యాద దక్కడమూ పాత ఆచారమే. మిర్యాలగూడ బియ్యం వ్యాపారి గానీ, గద్వాల, నారాయణపేట చీరల వ్యాపారి గానీ నగరానికి వెళ్లినప్పుడల్లా ఒకే లాడ్జిలో దిగితే, యజమాని అడగకుండానే గది అద్దె తగ్గించేవాడు. సామాను భద్రపరిచేవాడు. గదులు నిండినా ఏదో ఒక మూల సర్దేవాడు. కాగితం మీద రాయని ఈ అనుబంధాన్నే పెద్ద హోటల్ సంస్థలు లెక్కల్లోకి, కార్డుల్లోకి మార్చాయి.

1981లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ తరచూ ప్రయాణించేవారి కోసం మైళ్ల పథకాన్ని ప్రారంభించింది. రెండేళ్లకే, అంటే 1983లో హాలిడే ఇన్, మారియట్ సంస్థలు అదే పద్ధతిని హోటళ్లలో ప్రవేశపెట్టాయి. హిల్టన్ 1987లో వాటిని అనుసరించింది. మారియట్ పథకం 2019 నుంచి ‘బాన్‌వాయ్’ పేరుతో నడుస్తోంది. మన దేశంలో తాజ్ హోటళ్ల సభ్యత్వం టాటా సంస్థల ఉమ్మడి పథకంతో అనుసంధానమైంది. ఐటీసీ, అకార్ తదితర సంస్థలకూ ఇటువంటి పథకాలున్నాయి.

పాయింట్ల లెక్క ఇదీ

ఉచిత సభ్యత్వంలో పేరు, ఫోన్ నంబరు, ఈ-మెయిల్ ఇస్తే చాలు. గది అద్దెగా చెల్లించిన మొత్తంపై పాయింట్లు జమవుతాయి. వాటిని తర్వాత గది అద్దెకో, భోజనానికో వినియోగించుకోవచ్చు. ఏటా ఎక్కువ రాత్రులు బస చేసినవారికి పై అంచెలు లభిస్తాయి. ఉదాహరణకు మారియట్‌లో ఏడాదికి 10 రాత్రులకు సిల్వర్, 25 రాత్రులకు గోల్డ్, 50 రాత్రులకు ప్లాటినం హోదా దక్కుతుంది. అంచె పెరిగిన కొద్దీ గదిని ఆలస్యంగా ఖాళీ చేసే వెసులుబాటు, వీలున్నప్పుడు మెరుగైన గది, లాంజ్ ప్రవేశం వంటివి సమకూరుతాయి.

విలువ ఎంతన్నది ఒక ఉదాహరణతో గ్రహించవచ్చు. రోజుకు 5,000 రూపాయల గదిలో రెండు రాత్రులున్న వ్యక్తికి ప్రతి 100 రూపాయలకు 5 పాయింట్లు వస్తాయని, పాయింటు విలువ ఒక రూపాయి అని అనుకుందాం. అద్దె 10,000 రూపాయలకు దక్కేది 500 రూపాయల ప్రయోజనం మాత్రమే. అదే వ్యక్తి రోజుకు 2,000 రూపాయల శుభ్రమైన లాడ్జిలో దిగితే ఆదా అయ్యేది 6,000 రూపాయలు. పాయింట్ల కోసం ఖరీదైన హోటల్‌ను ఎంచుకోవడం నష్టదాయకమే. ఎలాగూ ఆ హోటల్‌లోనే దిగవలసిన ఉద్యోగికి, వ్యాపారికి మాత్రం ఉచిత సభ్యత్వం నిస్సందేహంగా లాభం. సంస్థ ఖర్చుపై ప్రయాణించినా చాలా పథకాల్లో పాయింట్లు బస చేసిన వ్యక్తి ఖాతాకే చేరతాయి.

విస్మరించరాని నిబంధనలు

* హోటల్ సొంత వెబ్‌సైట్, యాప్ లేదా ఫోన్ ద్వారా నేరుగా గది తీసుకుంటేనే సాధారణంగా పాయింట్లు వస్తాయి. ఇతర బుకింగ్ సంస్థల ద్వారా తీసుకున్న గదులకు చాలా పథకాలు పాయింట్లు ఇవ్వవు.

* పాయింట్లకు కాలపరిమితి ఉంటుంది. మారియట్‌లో వరుసగా 24 నెలలు ఎటువంటి లావాదేవీ లేకుంటే పాయింట్లు రద్దవుతాయి. కొన్ని పథకాల్లో గడువు ఇంతకన్నా తక్కువ.

* హోదా వ్యక్తికే పరిమితం. అమెరికాలోని కుమారుడి కార్డు చూపితే ఇక్కడి తల్లిదండ్రులకు ఆ మర్యాదలు వర్తించవు. పాయింట్లతో వారి పేరిట గది తీసుకొనే అవకాశం మాత్రం పలు పథకాల్లో ఉంది. హిల్టన్‌లో కుటుంబ సభ్యులు, మిత్రులు తమ పాయింట్లను ఒక్కచోట కలుపుకోవచ్చు.

* పాయింట్ల విలువను తగ్గించే, నిబంధనలు మార్చే అధికారాన్ని సంస్థలు తమ వద్దే ఉంచుకుంటాయి. ఏళ్ల తరబడి కూడబెట్టడం కన్నా వీలైనంత త్వరగా వాడుకోవడం మేలు.

జిల్లాలో పరిస్థితి

విజయవాడ వైపు సాగే 65వ నంబరు జాతీయ రహదారిపై చౌటుప్పల్, నార్కట్‌పల్లి, సూర్యాపేట, కోదాడ. కర్నూలు వైపు సాగే 44వ నంబరు రహదారిపై షాద్‌నగర్, జడ్చర్ల, కొత్తకోట, పెబ్బేరు ప్రయాణికులకు విడిది పట్టణాలు. ఇక్కడ అధికశాతం స్థానికులు నడిపే లాడ్జిలే. వీటిలో పాయింట్లు ఉండవు. పాయింట్ల సభ్యత్వం ఎక్కువగా అక్కరకొచ్చేది హైదరాబాద్, ముంబయి, పుణె, బెంగళూరు వంటి నగరాల్లోనే.

పర్యాటక స్థలాల్లో ప్రభుత్వ పర్యాటకాభివృద్ధి సంస్థ గతంలో ‘పున్నమి’, తర్వాత ‘హరిత’ పేరుతో హోటళ్లను నెలకొల్పింది. నాగార్జునసాగర్‌లోని విజయ్ విహార్, యాదగిరిగుట్ట, అలంపూర్, సోమశిల ఈ కోవలోనివే. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన సాగర్ ప్రాజెక్టుకు తోడు 2022లో బుద్ధవనం ప్రారంభమైంది. అదే ఏడాది మార్చి 28న యాదగిరిగుట్ట ఆలయం పునర్నిర్మాణానంతరం భక్తులకు తెరుచుకుంది. వారాంతాలు, పండుగలు, సాగర్ గేట్లు ఎత్తే రోజుల్లో ఈ ప్రాంతాల్లో గదులకు గిరాకీ ఎక్కువ. అటువంటి వేళ సభ్యత్వం కన్నా ముందస్తు బుకింగే అక్కరకొస్తుంది. ఆదివారం రాత్రి నుంచి గురువారం వరకు దిగేవారు అద్దె తగ్గింపు గురించి అడిగి తెలుసుకోవాలి.

సత్రాల శాశ్వత సభ్యత్వం

అచ్చంపేట, మన్ననూరు, దోమలపెంట మీదుగా శ్రీశైలం వెళ్లే పాలమూరు, నల్గొండ భక్తులకు సుపరిచితమైనది సత్రాల సభ్యత్వం. వివిధ సామాజిక వర్గాలు నెలకొల్పిన నిత్యాన్నదాన సత్రాలు శ్రీశైలంలో అనేకం. విరాళమిచ్చి శాశ్వత సభ్యులైనవారికి, వారి కుటుంబీకులకు గదుల కేటాయింపులో ప్రాధాన్యముంటుంది. తిరుమలలోనూ నిర్ణీత మొత్తంలో విరాళమిచ్చిన దాతలకు దర్శనం, వసతి సౌకర్యాలు కల్పించే విధానముంది.

ఇది వ్యాపార సభ్యత్వం కాదు. ఇచ్చినది విరాళం, దక్కేది గౌరవం. మహాశివరాత్రి వంటి రద్దీ రోజుల్లో సభ్యులకూ గది దొరుకుతుందన్న హామీ ఉండదు. సత్రానికో నియమావళి ఉంటుంది గనుక ఏడాదికి ఎన్ని రోజులు, ఎంతమందికి, వారసులకు వర్తిస్తుందా అన్నవి రసీదుతో పాటు రాతపూర్వకంగా తీసుకోవడం ఉత్తమం. తమ వర్గానికి సత్రం లేనివారికి దేవస్థానం వసతి గృహాలే ప్రధాన ఆధారం.

ఆసుపత్రికి వెళ్లినప్పుడు

బసలో అత్యంత కష్టమైనది రోగి వెంట వెళ్లేవారిది. హైదరాబాద్ ఆసుపత్రుల్లో చికిత్స వారాల తరబడి సాగితే మందుల ఖర్చుకు గది అద్దె తోడవుతుంది. ఇటువంటివారికి పాయింట్ల కార్డు కన్నా వారం, నెల లెక్కన అద్దె మాట్లాడుకోవడం ప్రయోజనకరం. ఆసుపత్రికి అనుబంధంగా ధర్మశాల, సహాయకుల వసతి ఉన్నదీ లేనిదీ ముందుగా విచారించాలి. రైలు టికెట్ ఉన్నవారు ప్రధాన స్టేషన్లలోని విశ్రాంతి గదులను ఐఆర్‌సీటీసీ ద్వారా తీసుకోవచ్చు.

గది ఖాళీ చేసే సమయమూ ముఖ్యమే. చాలా లాడ్జిల్లో దిగిన వేళ నుంచి 24 గంటల లెక్క ఉంటుంది. పెద్ద హోటళ్లలో మధ్యాహ్నం దిగి, మర్నాడు 11 లేదా 12 గంటలకల్లా ఖాళీ చేయాలి. రాత్రి 10 గంటలకు చేరేవారికి రెండో పద్ధతిలో దక్కేది అర్ధదినమే.

పన్ను, సేవా రుసుము

రోజుకు 7,500 రూపాయల వరకు అద్దె ఉన్న గదులపై జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం స్థానే 5 శాతానికి తగ్గింది. 3,000 రూపాయల గదిపై అంతకుముందు 360 రూపాయలైన పన్ను ఇప్పుడు 150 రూపాయలే. అద్దె 7,500 దాటితే 18 శాతం వర్తిస్తుంది. బిల్లులో ఈ వివరం సరిచూసుకోవాలి.

హోటళ్లు, రెస్టారెంట్లు బిల్లులో సేవా రుసుమును తమంతట తాముగా చేర్చరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4న మార్గదర్శకాలు జారీ చేసింది. 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. సభ్యుడైనా కాకపోయినా ఈ రక్షణ అందరికీ వర్తిస్తుంది.

‘ఉచిత బహుమతి’ వెనుక

అసలు ప్రమాదం మూడో రకం సభ్యత్వంలో ఉంది. ప్రదర్శనల్లో, షాపింగ్ మాల్స్‌లో, పెట్రోలు బంకుల వద్ద చీటీ మీద ఫోన్ నంబరు రాయించుకుంటారు. కొన్నాళ్లకు ‘మీరు లక్కీ డ్రాలో గెలిచారు, దంపతులిద్దరూ వచ్చి బహుమతి తీసుకోండి’ అని ఫోన్ వస్తుంది. వెళ్లాక గంటల తరబడి విహారయాత్రల గురించి వివరించి, పదేళ్లకో పాతికేళ్లకో సభ్యత్వమంటూ లక్ష నుంచి కొన్ని లక్షల రూపాయలు అడుగుతారు. ‘ఈ రాయితీ ఈ ఒక్కరోజే’ అని తొందరపెట్టి క్రెడిట్ కార్డుపై వాయిదాలు కట్టిస్తారు. తీరా దసరా, సంక్రాంతి, వేసవి సెలవుల్లో అడిగితే గదులు లేవన్న సమాధానం ఎదురవుతుంది. గది వాడుకోకున్నా ఏటా నిర్వహణ రుసుము మాత్రం కట్టవలసిందే.

ఇటువంటి సంస్థలన్నీ మోసపూరితమని చెప్పలేం. సక్రమంగా నడిచేవీ ఉన్నాయి. అయితే సంతకానికి ముందు అయిదు ప్రశ్నలకు రాతపూర్వక సమాధానం పొందాలి. వార్షిక రుసుము ఎంత, ఏటా ఎంత పెరుగుతుంది? పండుగ సెలవుల్లో గది దొరుకుతుందా? వద్దనుకుంటే ఎన్ని రోజుల్లో, ఎంత సొమ్ము తిరిగిస్తారు? భోజనం, రవాణా కలిపినవేనా? సభ్యత్వాన్ని ఇతరులకు బదిలీ చేయవచ్చా? నోటిమాట హామీలు ఒప్పందంలో లేకుంటే వాటిని నిరూపించడం కష్టం. అదే రోజు డబ్బు కట్టకుండా ఒప్పంద పత్రం ఇంటికి తెచ్చుకొని చదవాలి. అందుకు అంగీకరించని సంస్థకు దూరంగా ఉండటమే శ్రేయస్కరం.

వివరాల గోప్యత

సభ్యత్వమంటే వ్యక్తిగత సమాచారాన్ని అప్పగించడమే. మారియట్ ఆధీనంలోని స్టార్‌వుడ్ బుకింగ్ వ్యవస్థలో చొరబాటు జరిగినట్లు 2018 నవంబరు 30న వెల్లడైంది. కోట్లాది అతిథుల వివరాలు, కొందరి పాస్‌పోర్టు నంబర్లు సహా బయటపడ్డాయి. గది తీసుకునేటప్పుడు గుర్తింపు పత్రం చూపక తప్పదు. నకలు ఇవ్వవలసి వస్తే చివరి 4 అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్‌ను అంగీకరిస్తారేమో అడగవచ్చు.

హోటళ్లు, సత్రాల పేరిట నకిలీ వెబ్‌సైట్లు సృష్టించి అడ్వాన్సు కాజేసే ముఠాలతోనూ జాగ్రత్త అవసరం. అంతర్జాలంలో కనిపించిన నంబరుకు వెంటనే డబ్బు పంపరాదు. మోసపోయినవారు ఆలస్యం చేయకుండా 1930కు ఫోన్ చేయాలి. ఎంత త్వరగా తెలిపితే సొమ్మును నిలుపుదల చేసే అవకాశం అంత ఎక్కువ.

నష్టపోతే ఎక్కడికి?

తొలుత సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, దాని ప్రతిని భద్రపరచాలి. ఫలితం లేకుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915ను సంప్రదించవచ్చు. అక్కడా పరిష్కారం లభించకుంటే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2020 జులై 20న అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదుదారు తాను నివసించే చోటే కేసు వేయవచ్చు. సంస్థ కార్యాలయం హైదరాబాద్‌లో ఉన్నా, ముంబయిలో ఉన్నా బాధితుడు అక్కడిదాకా వెళ్లనవసరం లేదు. నల్గొండ, మహబూబ్‌నగర్ కేంద్రాల్లో కమిషన్లు ఉన్నాయి. చెల్లించిన మొత్తం 50 లక్షల రూపాయల వరకు ఉన్న వివాదాలను జిల్లా కమిషన్ విచారిస్తుంది. 5 లక్షల రూపాయల వరకు ఎటువంటి రుసుమూ లేదు. వివాదం తలెత్తిన నాటి నుంచి రెండేళ్లలోగా ఫిర్యాదు దాఖలు చేయాలి. న్యాయవాది లేకుండా స్వయంగానూ వాదించుకోవచ్చు. రసీదులు, ఒప్పంద పత్రం, సంస్థతో జరిపిన సందేశాలు ఆధారాలుగా పనికివస్తాయి.

మొత్తం మీద ఉచిత సభ్యత్వం చేరినా నష్టం లేనిది. ఏటా రుసుము కట్టేది లెక్క చూసుకొని చేరవలసినది. లక్షలతో కూడినది ఇంటిల్లిపాదీ కూర్చొని, ఒప్పందం చదివి, తొందర లేకుండా నిర్ణయించుకోవలసినది.