నాప్‌సాక్ స్ప్రేయర్ నిర్వహణ

నాప్‌సాక్ స్ప్రేయర్ వీపున తగిలించుకుని పైరుకు మందు కొట్టే పంపు. సాధారణంగా 16 లీటర్లు పట్టే ప్లాస్టిక్ ట్యాంకు, పంపు, రబ్బరు పైపు, ట్రిగ్గర్, లాన్స్, చివర నాజిల్ దీని ముఖ్య భాగాలు. చేతి పంపులో లీవరు ఆడిస్తే ఒత్తిడి పుడుతుంది. బ్యాటరీ పంపులో ఆ పని 12 వోల్టుల బ్యాటరీతో నడిచే చిన్న మోటారు చేస్తుంది.

ఈ పంపును అరుగుదల కంటే ఎక్కువగా పాడుచేసేది లోపల మిగిలిపోయిన మందే. అది ఆరితే జాలీల్లోనూ నాజిల్ రంధ్రంలోనూ పేరుకుని గట్టిపడుతుంది, వాషర్లను చెడగొడుతుంది, తర్వాత కొట్టే పైరు మీద పడుతుంది. వరి, మొక్కజొన్నల్లో కలుపుకు వాడే 2,4-డి విషయంలో ఇది మరీ ప్రమాదం. అదే పంపుతో పత్తికి పురుగుమందు కొడితే, పైపులో నిలిచిన కాస్త 2,4-డి చాలు, లేత ఆకులు సన్నగా సాగి, ఈనెలు దగ్గరపడి, మొక్క ఆకారమే మారిపోతుంది. చూసినవారు దాన్ని తెగులని పొరబడి మరో మందు కొట్టే అవకాశమూ ఉంది. అందుకే కలుపు మందులకు విడిగా ఒక పంపు ఉంచుకోవడం అన్నిటికన్నా మేలు.

పని ముగిసిన రోజే పంపు కడగాలి. నీళ్లు ఎన్ని పోశామన్నదానికంటే ఎన్ని విడతలుగా పోశామన్నదే ఇక్కడ ముఖ్యం. ట్యాంకు అడుగున 300 మిల్లీలీటర్ల మందు ద్రావణం మిగిలిందనుకుందాం. 9 లీటర్ల నీళ్లు ఒకేసారి పోసి వంపేస్తే, అడుగున నిలిచే నీటిలో మందు గాఢత 31వ వంతుకు తగ్గుతుంది. అవే నీళ్లను మూడు లీటర్ల చొప్పున మూడుసార్లు పోసి వంపితే 1,331వ వంతుకు పడిపోతుంది. ప్రతిసారీ ట్యాంకును బాగా కుదిపి, కొంత నీటిని పైపు, లాన్స్, నాజిల్ గుండా కొట్టాలి. ట్యాంకు ఒక్కటే కడిగితే పైపులోని మందు అలాగే ఉండిపోతుంది. కడిగిన నీళ్లను మందు కొట్టిన చేలోనే చల్లాలి తప్ప కాలువలోనో చెరువులోనో బావి గట్టునో పోయకూడదు. కడిగేటప్పుడు కూడా చేతి తొడుగులు తప్పనిసరి.

నాజిల్ మూసుకుపోతే నోటితో ఊదడం చాలాచోట్ల కనిపించే అలవాటు. అలా చేస్తే విషం నేరుగా నోట్లోకి పోతుంది. పిన్నుతోనో తీగతోనో పొడిస్తే రంధ్రం పెద్దదై మందు ఎక్కువ పడుతుంది. విప్పి నీళ్లలో నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే సరిపోతుంది. ఆ బ్రష్‌ను మరి దేనికీ వాడకూడదు. నీళ్లలో కలిపే పొడి మందులు ఇత్తడి నాజిళ్లను త్వరగా అరగదీస్తాయి. స్టీలు, సిరామిక్ నాజిళ్లు ఎక్కువ కాలం మన్నుతాయి. అరుగుదల తెలియాలంటే ఒక నిమిషం పాటు మంచినీళ్లను కొలపాత్రలోకి కొట్టి, అదే రకం కొత్త నాజిల్‌తో వచ్చిన నీటితో పోల్చాలి. పది శాతానికి మించి తేడా ఉంటే దాన్ని మార్చాలి.

ట్యాంకు మూతి దగ్గర, ట్రిగ్గర్ పిడిలో ఉండే జాలీలను ప్రతి వాడకం తర్వాత తీసి కడగాలి. కొట్టడానికి ముందు మంచినీళ్లతో ఒకసారి నడిపి చూస్తే కారుతున్న వాషర్లు, పైపు పగుళ్లు బయటపడతాయి. కారే పంపుతో పనిచేస్తే మందు వీపు మీద పడి ఒంట్లోకి ఇంకుతుంది.

లెడ్ యాసిడ్ బ్యాటరీని వాడిన వెంటనే ఛార్జి చేయాలి. ఖాళీగా వదిలేస్తే లోపలి పలకలపై సల్ఫేటు పేరుకుని సామర్థ్యం తగ్గుతుంది. పని లేని నెలల్లోనూ నెలకోసారి ఛార్జి పెట్టడం మంచిది. ట్యాంకును మాత్రం పూర్తిగా ఆరబెట్టి, మూత తీసి, విత్తనాలకూ పశువుల మేతకూ దూరంగా నీడలో తలకిందులుగా ఉంచాలి.