మిల్లు తగవు – మధ్యవర్తి తీర్పు

గట్టు తగవు వచ్చినను, నీటి తగవు వచ్చినను, పాలేరు జీతపు తగవు వచ్చినను పెద్దలు కూర్చుండి ఉభయుల మాటలు విని తీర్పు చెప్పుట మన గ్రామములకు క్రొత్త గాదు. వేలకొలది కూలీలొక వైపునను, ధనవంతులగు మిల్లు యజమానులొక వైపునను నిలిచినపుడు ఈ పద్ధతి పనికివచ్చునా? 1918లో అహమ్మదాబాదున జరిగిన తగవు ఈ ప్రశ్నకు కొంత సమాధానము చెప్పుచున్నది.

అహమ్మదాబాదు సబర్మతీ తీరముననున్న బట్టల మిల్లుల పట్టణము. 1917లో అచట ప్లేగు వ్యాపించెను. జనులు ఊరు విడిచి పోవుచుండ, మిల్లులు నిలిచిపోవునను భయముచే యజమానులు జీతముపై ప్లేగు బోనసు నిచ్చిరి. కొందరికది జీతములో నూటికి 70 దాక నుండెను. ప్లేగు తగ్గిన పిమ్మట, 1918 ఆరంభమున, బోనసు తీసివేయుదుమని తెలిపిరి. కాని యుద్ధమువలన వస్తువుల ధరలు మండిపోవుచుండెను. బోనసుతో గడచుచున్న సంసారములు హఠాత్తుగ దానిని గోల్పోయి బ్రతుకుటెట్లు? నేతపనివారు దానికి బదులు నూటికి 50 చొప్పున జీతము హెచ్చింపుడని కోరిరి. యజమానులు 20కి మించి యియ్యమనిరి.

యజమానులలో ప్రముఖుడు అంబాలాల్ సారాభాయి. కూలీల పక్షమున నిలిచినది ఆయన అక్కగారే, అనసూయాబెన్. ఉభయులును గాంధీగారియందు గౌరవము గలవారు. తగవును మధ్యవర్తుల కప్పగించుటకు మొదట ఇరుపక్షములు సమ్మతించినవి. ఇంతలో కొన్ని మిల్లులలో కూలీలు తొందరపడి పని మానిరి. అది మాట తప్పుట యని యజమానులు మధ్యవర్తిత్వము విడనాడి, ఫిబ్రవరి 22వ తేదీన మిల్లులు మూసివేసిరి.

గాంధీగారు జీతముల లెక్కలు విచారించి, 50 అడుగుట అధికమనియు, 20 ఇచ్చుట స్వల్పమనియు, 35 న్యాయమనియు నిర్ణయించిరి. కూలీలు దాని కొడంబడి, అది లభించువరకు పనికి పోమని ప్రతిజ్ఞ చేసిరి. దౌర్జన్యము చేయరాదు; పనికి పోవువారిని బాధింపరాదు; బిచ్చమెత్తరాదు; వేరు పని చేసి పొట్ట పోసికొనవలెను. ఇవి నియమములు. దినదినమును నదియొడ్డున తుమ్మచెట్టు క్రింద సభ జరుగుచుండెను.

రెండు వారములు గడచునప్పటికి ఆకలి ముదిరెను. 20కి ఒప్పుకొనువారికి మార్చి 12న మిల్లుల తలుపులు తెరచిరి. కూలీలలో కొందరు జారసాగిరి. మోటారులలో తిరుగువారికి మా ఆకలి యేమి తెలియునని నాయకులను గూర్చి గొణిగినవారును గలరు. ఆ మాట గాంధీగారికి నాటినది. తగవు తీరువరకు భోజనము ముట్టనని మార్చి 15న శపథము చేసిరి. మూడు దినములకు రాజీ కుదిరినది.

ఆ రాజీ తీరు గమనింపదగినది. మొదటి దినమున నూటికి 35: కూలీల ప్రతిజ్ఞ నిలిచినది. రెండవ దినమున 20: యజమానుల మాటయు నిలిచినది. మూడవ దినము మొదలు, మధ్యవర్తియగు ఆనందశంకర ధ్రువగారు తీర్పు చెప్పువరకు, 27½. కొన్ని నెలలకు ఆయన 35 న్యాయమని తీర్పు చెప్పిరి. ఓడితిమని యెవరును తలవంచుకొనవలసిన పని లేకపోయెను.

అయినను ఈ విజయమునం దొక లోపము గలదు. తమయెడ స్నేహముగల యజమానులపై తమ ఉపవాసము ఒత్తిడి యయ్యెనని గాంధీగారే తమ ఆత్మకథలో వ్రాసిరి. మొగమాటముచే ఇచ్చినది న్యాయముచే ఇచ్చినదానితో సమానము గాదు గదా! కాబట్టి ఒక మహాపురుషుని ప్రాణముపై గాక, నిత్యమైన కట్టుబాటుపై న్యాయము నిలువవలసి యుండెను.

1920లో అట్టి కట్టుబాటు ఏర్పడినది. కూలీలు మజూర్ మహాజన్ అను సంఘము స్థాపించుకొనిరి. కూలి పక్షమున గాంధీగారును, యజమానుల పక్షమున సేఠ్ మంగళదాసుగారును శాశ్వత మధ్యవర్తులైరి. అంతమాత్రమున తగవులు మాయము కాలేదు. 1923లో జీతములు తగ్గింపబోగా మరల పెద్ద సమ్మె జరిగెను. కాని సమ్మెకు ముందు చెప్పుకొనుటకొక చోటు కలదను అలవాటు ఆ పట్టణమున వేరూనినది.

బరంపురమున జన్మించి, రైల్వే కార్మిక సంఘములను నడపిన మన తెలుగువారు వి.వి.గిరిగారు. ప్రభుత్వము బలవంతముగ తీర్పు చెప్పించుటకంటె, ఉభయులు ఎదురెదురుగ కూర్చుండి తీర్చుకొనుట మేలని వారి మతము. కేంద్ర కార్మిక మంత్రిగా నుండగా, బ్యాంకు ఉద్యోగుల తగవులో న్యాయస్థానము చెప్పిన తీర్పును ప్రభుత్వము మార్చినందున 1954లో పదవినే త్యజించిరి.

మధ్యవర్తికి సేనలు లేవు. అతని బలమంతయు ఉభయుల మాటలో నున్నది. ముందుగా ఒప్పుకొని, తీర్పు తమకు నచ్చనపుడు త్రోసివేయువారు కూలీలైనను, యజమానులైనను, ప్రభుత్వమైనను ఆ బలమును పోగొట్టుచున్నారు. రచ్చబండ నెరిగిన పెద్దలకు ఇది వేరుగ చెప్పనక్కరలేదు.