చేతి ఖరీదు: అమెరికాలో పనిప్రమాద పరిహారం

అమెరికాలో ఉద్యోగాలు చేస్తున్న మనలో చాలామందికి వర్కర్స్ కాంపెన్సేషన్ అంటే ఆఫీసులో కాఫీ యంత్రం పక్కన గోడకి అంటించిన ఒక కాగితం. పనిలో దెబ్బ తగిలితే వైద్యం ఖర్చు, జీతంలో కొంత భాగం వస్తాయనీ, తప్పెవరిదన్న విచారణ ఉండదనీ దాని సారాంశం. ఈ చివరి మాట చట్టంగా నిలబడడానికి డెబ్బై అయిదేళ్ళు పట్టింది. దానికి బదులుగా పనివాళ్ళు వదులుకున్నది కూడా చిన్నదేమీ కాదు.

1837లో బోస్టన్-వూస్టర్ రైల్‌రోడ్‌లో ఇంజను నడిపే నికొలస్ ఫార్వెల్ కుడిచెయ్యి పోగొట్టుకున్నాడు. మన రైల్వేలో పాయింట్స్‌మన్ అంటామే, ఆ పని చేసే ఉద్యోగి పట్టాలు సరిగా మార్చకపోవడం వల్ల ఇంజను పట్టాలు తప్పింది. ఫార్వెల్ కంపెనీ మీద దావా వేశాడు. 1842లో మాసచూసెట్స్ ప్రధాన న్యాయమూర్తి లెమ్యూల్ షా దాన్ని తోసిపుచ్చాడు. ఫార్వెల్‌కి రోజుకి రెండు డాలర్ల కూలి. అంతకుముందు మెకానిక్‌గా అతనికి వచ్చినదానికన్నా ఎక్కువ. ఆ ఎక్కువలోనే ప్రమాదం ఖరీదు కలిసి ఉందన్నాడు షా. తోటి పనివాడి తప్పుకు యజమాని బాధ్యుడు కాడనీ, పనివాళ్ళు ఒకరినొకరు కనిపెట్టుకుని ఉండాలనీ అన్నాడు. ఇంజను మీద ఉన్నవాడు ఎక్కడో ముందున్న పాయింట్ల దగ్గరి మనిషిని ఎలా కనిపెట్టుకుంటాడు? ఇద్దరివీ వేరువేరు శాఖలని ఫార్వెల్ తరఫు న్యాయవాదులు వాదించారు కూడా. షా ఒప్పుకోలేదు.

చిత్రమేమిటంటే, కార్మికులు సంఘం పెట్టుకోవడం దానంతట అది కుట్ర కాదని బోస్టన్ చెప్పులు కుట్టేవాళ్ళ కేసులో అదే ఏడు తీర్పిచ్చింది కూడా ఈ షాయే. గాయపడిన మనిషికి కోర్టు తలుపు మూసిన చెయ్యే సంఘానికి తలుపు తెరిచింది.

తర్వాతి అరవై, డెబ్బై ఏళ్ళు యజమానుల వకీళ్ళకు మూడు వాదాలు చాలాయి. తప్పు తోటి పనివాడిది. ప్రమాదం ఉందని తెలిసే పనిలో చేరాడు. సొంత అజాగ్రత్త కూడా ఉంది. వీటిని దాటి గెలిచినవాళ్ళు కొద్దిమంది. బ్రేకులు వేసేవాళ్ళకూ బొగ్గు వేసేవాళ్ళకూ జీవితబీమా ఇవ్వడానికి కంపెనీలు వెనకాడేవి. అందుకే రైల్వే సంఘాలు మొదట సమ్మెల కోసం కాక, చందాలు వేసుకుని చనిపోయినవాడి ఇంటికి నాలుగు డబ్బులు పంపడం కోసం బలపడ్డాయి. వాటి పేర్లలో ‘బ్రదర్‌హుడ్’ అని ఉండేది. ఆ సోదరత్వంలో నల్లజాతి పనివాళ్ళకు చోటు లేదన్నది కూడా గుర్తుంచుకోవాలి.

1910లో క్రిస్టల్ ఈస్ట్‌మన్ అనే యువ న్యాయవాది పిట్స్‌బర్గ్ ప్రాంతపు పనిప్రమాదాల మీద ఒక పుస్తకం ప్రచురించింది. ఎలిగేనీ కౌంటీ ఒక్కదానిలో, 1906 జులై నుంచి ఒక్క ఏడాదిలో, పనిలో పోయినవాళ్ళు 526 మంది. ఆమె లెక్కకు ఆగిపోలేదు. ప్రతి చావు వెనకా ఎవరికి ఎంత అందిందో విచారించింది. పెళ్ళయిన మగవాళ్ళు పోయిన ఇళ్ళలో సగానికి పైగా యజమానుల నుంచి నూరు డాలర్లు దాటి అందుకోలేదు.

ఇన్ని తెలిసినా సంఘాల పెద్దలు పరిహార చట్టం కోసం వెంటనే ముందుకు రాలేదు. సామ్యుయెల్ గాంపర్స్ నాయకత్వంలోని అమెరికన్ ఫెడరేషన్ ఆఫ్ లేబర్ ఆ మూడు వాదాలను రద్దు చేసి దావా హక్కుకు పదును పెట్టాలని చాలాకాలం కోరింది. ప్రభుత్వం ఇచ్చేదాన్ని ప్రభుత్వం తీసేసుకోగలదన్న అనుమానం వారిది. అది ఉత్త మొండితనం కాదని నా అభిప్రాయం. 1909-10 ప్రాంతానికి వారు మనసు మార్చుకున్నారు.

న్యూయార్క్ 1910లో, ఎనిమిది రకాల ప్రమాదకరమైన పనులకు, తప్పుతో సంబంధం లేని పరిహారాన్ని తప్పనిసరి చేసింది. రైల్వే ఉద్యోగి ఐవ్స్ కేసులో ఆ రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానం ఆ చట్టాన్ని కొట్టేసింది: తప్పు చేయని యజమాని నుంచి డబ్బు తీసుకోవడం అతని ఆస్తిని లాక్కోవడమేనంది. అది 1911 మార్చి 24. మర్నాడు సాయంకాలం న్యూయార్క్ నగరంలో ట్రయాంగిల్ దుస్తుల ఫ్యాక్టరీ తగలబడి 146 మంది పోయారు. ఎక్కువమంది వలసవచ్చిన యూదు, ఇటాలియన్ అమ్మాయిలు. ఒక తలుపుకి తాళం వేసి ఉంది. ఈ రెండు తేదీలనూ పక్కపక్కన పెట్టి చెప్పడం చరిత్రకారులకు అలవాటు. నిజానికి ఆ చట్టం నిలిచినా కుట్టుపని దాని జాబితాలో లేదు. ఆ కుటుంబాలకు దక్కేదేమీ ఉండేది కాదు. యజమానులు క్రిమినల్ కేసులో నిర్దోషులుగా బయటపడ్డారు. 1914లో సివిల్ దావాలు రాజీ అయ్యాయి. ప్రాణానికి 75 డాలర్ల చొప్పున.

మార్చవలసింది తీర్పును కాదు, రాజ్యాంగాన్నేనని 1913లో న్యూయార్క్ ఓటర్లు నిర్ణయించారు. కొత్త చట్టం మరుసటి ఏడు అమలుకు వచ్చింది; కూలిలో మూడింట రెండు వంతులు పరిహారం. 1917లో అమెరికా సుప్రీమ్ కోర్టు వైట్ కేసులో దాన్ని సమర్థిస్తూ బేరాన్ని బాహాటంగా చెప్పింది. పనివాడు పూర్తి నష్టపరిహారానికి దావా వేసే హక్కు వదులుకుంటాడు, యజమాని ఆ మూడు వాదాలు వదులుకుంటాడు. ఈ బేరానికి రాని పెద్ద వర్గం ఒకటుంది: అంతర్రాష్ట్ర రైల్వే ఉద్యోగులు. 1908 ఫెడరల్ చట్టం కింద వారు నేటికీ కంపెనీ తప్పు రుజువు చేసి జ్యూరీ ముందు పూర్తి మొత్తం అడగవచ్చు. వారి సంఘాలు ఆ హక్కును జాగ్రత్తగా కాపాడుకుంటూ వచ్చాయి. ఫార్వెల్ వారసులు గాంపర్స్ పాత అనుమానాన్ని ఇంకా విడిచిపెట్టలేదన్నమాట.

మన దేశానికి ఈ ఆలోచన బ్రిటన్ దారిన వచ్చింది. ఉద్యోగం వల్ల, ఉద్యోగకాలంలో జరిగిన ప్రమాదం అన్న నిర్వచనాన్ని 1897 నాటి బ్రిటిష్ చట్టం నుంచే 1923 వర్క్‌మెన్స్ కాంపెన్సేషన్ చట్టం తీసుకుంది. అది బ్రిటిష్ ఇండియా చట్టం గనక నిజాం రాజ్యంలోని సింగరేణి బొగ్గుగనులకు వర్తించలేదు.

అమెరికాలో అన్ని రాష్ట్రాలూ ఈ బాట పట్టేసరికి 1948 అయింది, చివరిది మిసిసిపి. పొలం పనివాళ్ళనూ ఇళ్ళలో పనిచేసేవాళ్ళనూ చాలా రాష్ట్రాలు మొదట్లోనే బయట ఉంచాయి. మనవాళ్ళు వేలల్లో ఉన్న టెక్సస్‌లో ఈ పథకంలో చేరడం నేటికీ ప్రైవేటు యజమాని ఇష్టం. చేరని యజమాని మీద గాయపడిన ఉద్యోగి దావా వేయవచ్చు, యజమాని తప్పు రుజువు చేయవలసిందే. అయితే తోటి పనివాడి మీద నెట్టేసే షాగారి పాత వాదం మాత్రం ఆ యజమానికి అక్కడ చెల్లదు.