బటన్ జోలికి పోకు బాబాయ్

రాత్రి పది కావస్తోంది. తెనాలిలో బాబాయి ఇంటి ముందు గదిలో, ఆయన డెస్క్‌టాప్ ఎదురుగా కూర్చున్నారు మీరు. ఉబుంటు 20.04ని 22.04కి అప్‌గ్రేడ్ చేసే పని సాయంత్రం ఆయనే మొదలుపెట్టారు. అది కదలకపోయేసరికి మీకు ఫోన్ చేశారు. తెర మధ్యలో అప్‌గ్రేడ్ విండో ఉంది. అందులో ఆరు పనుల జాబితా. మొదటి మూడింటికీ టిక్కు పడింది: ముందస్తు ఏర్పాట్లు, కొత్త రిపాజిటరీల అమరిక, ప్యాకేజీల డౌన్‌లోడ్. నాలుగోది ఇన్‌స్టాలేషన్. దాని పక్కన బాణం గుర్తు. అడుగున ఉన్న నారింజరంగు పట్టీ సగం దాటి ఆగిపోయింది.

“గంట నుంచీ ఇంతే నాన్నా. హ్యాంగ్ అయిపోయినట్టుంది. ఆపేసి మళ్లీ ఆన్ చేద్దామా?”

ఆయన వేలు అప్పటికే పవర్ బటన్ దగ్గరికి వెళ్లింది.

“వద్దు బాబాయ్! బటన్ జోలికి పోకు.”

గట్టిగా అన్నందుకు నొచ్చుకోరు లెండి. కానీ ఇప్పుడు కరెంటు తీస్తే ఏమవుతుందో ఆయనకు చెప్పాలి. ఉబుంటులో మామూలు ప్యాకేజీలన్నింటినీ చివరికి డిస్కు మీద పెట్టేది డీపీకేజీ అనే ప్రోగ్రాం. డెబియన్ నుంచి వచ్చిన పనిముట్టు. అది ఒక్కో ప్యాకేజీని రెండు విడతల్లో ఎక్కిస్తుంది. ముందు పెట్టె విప్పి ఫైళ్లను డిస్కు మీద దించుతుంది, తర్వాత వాటిని కాన్ఫిగర్ చేస్తుంది. ఇల్లు మారినప్పుడు సామానంతా లారీలోంచి వరండాలో దించేసి, గదుల్లో సర్దడం తర్వాత మొదలుపెట్టినట్టు. వెయ్యికి పైగా ప్యాకేజీలు మారే ఇంత పెద్ద అప్‌గ్రేడ్‌లో, వందల పెట్టెలు విప్పి, సర్దకుండా ఉన్న క్షణాలు చాలా ఉంటాయి. లైబ్రరీ కొత్తది, దాన్ని వాడే ప్రోగ్రాం పాతది. కెర్నల్ వచ్చింది, దాన్ని బూట్ చేయించే ఫైలు ఇంకా తయారు కాలేదు. అలాంటప్పుడు బటన్ నొక్కితే రేపు పొద్దున ఈ కంప్యూటర్ లాగిన్ దాకా వస్తుందన్న నమ్మకం లేదు. బాబాయి తెలుగు మాస్టారుగా రిటైరయ్యాక రాసిన వ్యాసాలన్నీ, పోతన 2000 ఫాంటులో ముచ్చటగా పేజీలు కట్టుకున్నవన్నీ, ఇందులోనే ఉన్నాయి.

ముందు ఇది నిజంగా ఆగిందో లేదో చూడండి. మౌస్ కదిపితే బాణం కదులుతోంది. కీబోర్డు మీద క్యాప్స్ లాక్ నొక్కితే దాని దీపం వెలిగింది, మళ్లీ నొక్కితే ఆరింది. అంటే కెర్నల్ బతికే ఉంది, మీ మాట వింటోంది. హార్డ్ డిస్కు దీపం మాత్రం మిణకడం లేదు. బతికున్న యంత్రం పని చేయకుండా కూర్చుందంటే దేనికోసమో ఎదురుచూస్తూ ఉండాలి.

ఆల్ట్ నొక్కి పట్టుకుని ట్యాబ్ కొట్టండి. పెద్ద విండో వెనకాల నుంచి ఒక చిన్న పెట్టె బయటపడుతుంది. మీరు మార్చుకున్న కాన్ఫిగరేషన్ ఫైలును తీసేసి కొత్తది పెట్టమంటారా అని అడుగుతోంది. ఉంచు, మార్చు అని రెండు బటన్లు. ఫైలు పేరు చూడండి. జీడీఎం3 ఫోల్డర్‌లోని కస్టమ్ డాట్ కాన్ఫ్. లాగిన్ తెర నడిపే ప్రోగ్రాం సెట్టింగులవి.

“ఇది నేనెప్పుడు మార్చాను? నాకసలు తెలియదే!”

“పాస్‌వర్డ్ అడక్కుండా తెరుచుకునేలా సెట్టింగుల్లో పెట్టుకున్నావుగా బాబాయ్. అది ఈ ఫైల్లోనే రాసుకుంటుంది.”

గంట నుంచి కదలని పట్టీ వెనక ఉన్నది ఈ ఒక్క ప్రశ్న. ‘ఉంచు’ నొక్కండి. పట్టీ కదిలింది. టెర్మినల్‌లో అప్‌గ్రేడ్ చేసేవాళ్లకు ఇదే ప్రశ్న అక్షరాల రూపంలో వస్తుంది: వై కొడితే కొత్త ఫైలు, ఎన్ కొడితే మీ పాత ఫైలు, డీ కొడితే రెండింటికీ తేడా. ఏమీ తోచక ఎంటర్ కొట్టినా పాతదే ఉంటుంది, కాబట్టి భయం లేదు.

విండో అడుగున టెర్మినల్ అన్న మాట పక్కన చిన్న త్రికోణం ఉంది, నొక్కండి. నల్లటి భాగం తెరుచుకుని, లోపల జరుగుతున్నదంతా వరుసగా కనిపిస్తుంది. దీన్ని మొదటి నిమిషం నుంచీ తెరిచి ఉంచాలని నేను అందరికీ చెబుతాను. అందమైన పట్టీ మనకు శాతం మాత్రమే చెబుతుంది. ఏ పని దగ్గర ఆగిందో ఈ నల్ల పెట్టె చెబుతుంది.

లైన్లు జారుతున్నాయి. పైథాన్, లిబ్రెఆఫీస్, తెలుగు ఫాంట్ల ప్యాకేజీ. ఇంతలో ఫైర్‌ఫాక్స్ దగ్గర మళ్లీ బ్రేకు. ఫైర్‌ఫాక్స్ స్నాప్‌ని ఇన్‌స్టాల్ చేస్తున్నట్టు ఒక లైను వచ్చింది, ఆ తర్వాత ఏమీ లేదు. అయిదు నిమిషాలు, పది నిమిషాలు.

ఇది 22.04కి వెళ్లేవాళ్లు ప్రత్యేకంగా తెలుసుకోవలసిన మలుపు. ఆ వెర్షన్‌తో ఫైర్‌ఫాక్స్ మామూలు ప్యాకేజీగా రావడం ఆగిపోయి, స్నాప్ అనే మరో రకం ప్యాకేజీగా రావడం మొదలైంది. ఫైర్‌ఫాక్స్ పేరుతో ఉన్న మామూలు ప్యాకేజీ వట్టి డొల్ల. అది స్నాప్ స్టోర్‌కి కబురు పంపి అసలు బ్రౌజర్‌ను అక్కడినుంచి తెప్పిస్తుంది. డౌన్‌లోడ్ పని మూడో అంచెలోనే అయిపోయిందనుకున్న మనిషికి, నాలుగో అంచె మధ్యలో మళ్లీ ఇంటర్నెట్ కావలసి వస్తుంది.

“బాబాయ్, నెట్ ఎక్కడినుంచి?”

“నా ఫోన్ హాట్‌స్పాటే.”

ఆయన ఫోన్ తీసి చూడండి. రోజు కోటా పూర్తయిందని మెసేజ్ వచ్చి ఉంది. సాయంత్రం ప్యాకేజీలే ఆ డేటానంతా మింగేశాయి. కోటా దాటాక వేగం 64 కేబీపీఎస్‌కి పడిపోయే ప్లాన్ అది. సెకనుకు 8 కిలోబైట్లన్న మాట. ఫైర్‌ఫాక్స్ స్నాప్ 200 ఎంబీకి పైనే ఉంటుంది. లెక్క వేస్తే దగ్గర దగ్గర ఏడు గంటలు. ఇంకో టెర్మినల్ తెరిచి ‘స్నాప్ ఛేంజెస్’ అని కొడితే ఆ పని ఇంకా జరుగుతున్నట్టే చూపిస్తుంది. చూపించేది అబద్ధం కాదు, జరుగుతూనే ఉంది. మీ ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేసి కంప్యూటర్‌ను దానికి కలపండి. కాసేపటికి డౌన్‌లోడ్ ఊపందుకుంది. ఫైర్‌ఫాక్స్ దాటింది.

పిన్ని రెండు గ్లాసుల మజ్జిగ తెచ్చి బల్ల మీద పెట్టి, “ఇంకా కాలేదా?” అంటుంది. తాగండి. రాబోయేది పొడుగాటి మౌనం. ఈ డెస్క్‌టాప్‌లో పాత ఎన్విడియా కార్డు ఉంది. దాని డ్రైవర్‌ను కొత్త కెర్నల్‌కి సరిపడేలా ఈ కంప్యూటర్‌లోనే కంపైల్ చేయాలి. ఆ పని డీకేఎంఎస్‌ది. మాడ్యూల్ కడుతున్నానని ఒక్క లైను రాసి ఊరుకుంటుంది. పట్టీ కదలదు, నల్ల పెట్టెలో అక్షరం పడదు. ఫ్యాన్ మాత్రం హోరెత్తిపోతోంది. ఆ హోరు మంచి కబురు. ‘టాప్’ కమాండ్ ఇచ్చి చూస్తే పైవరుసలో సీసీ1 అనే పేరు కనిపిస్తుంది. సీ భాషలో రాసిన కోడ్‌ను కంపైల్ చేసే ప్రోగ్రాం అది. ప్రాసెసర్‌ను దాదాపు నూటికి నూరుపాళ్లు వాడుతోంది. దీన్ని హ్యాంగ్ అనకూడదు.

టాప్ తెరిచారు కాబట్టి ఎస్ అన్న గడి కూడా చూడండి. ప్రాసెస్ ఏ స్థితిలో ఉందో అక్కడ ఒక్క అక్షరంలో ఉంటుంది. ఆర్ అంటే పనిలో ఉంది. ఎస్ అంటే నిద్ర, దేనికోసమో చూస్తోంది. డీ కనిపిస్తే కొంచెం వెన్ను నిటారు చేసి కూర్చోండి. డిస్కు లాంటి పరికరం నుంచి జవాబు కోసం చూస్తూ కెర్నల్‌లో ఇరుక్కున్న స్థితి అది. కిల్ మైనస్ 9 కొట్టినా చావదు. క్షణకాలం డీ కనిపించి పోతే మామూలే. నిమిషాల తరబడి అదే ఉంటే డిస్కు మీద అనుమానం పడాలి. ‘డీఎంఈఎస్‌జీ’ కమాండ్‌లో ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్లు వరుస కట్టాయంటే దోషం ఇన్‌స్టాలర్‌ది కాదు. గుచ్చి మరిచిపోయిన పాత యూఎస్‌బీ డిస్కయితే దాన్ని తీసేస్తే చాలు, ముడి వీడిపోవచ్చు.

ఇంతలో తెర నల్లబడింది.

మౌస్ బాణం లేదు, పట్టీ లేదు. బాబాయి కుర్చీలోంచి లేచారు. “అయిపోయింది నాన్నా, పోయింది.”

“ఉండు బాబాయ్, ఫ్యాన్ తిరుగుతూనే ఉంది.”

నడుస్తున్న డెస్క్‌టాప్ కాళ్ల కింది లైబ్రరీలనే ఈ అప్‌గ్రేడ్ మారుస్తోంది. ఒక్కోసారి ఆ డెస్క్‌టాప్ కూలిపోతుంది. తెర పోయినంతమాత్రాన పని పోయినట్టు కాదు. కంట్రోల్, ఆల్ట్ రెండూ పట్టుకుని ఎఫ్3 నొక్కండి. నల్లటి తెర మీద తెల్ల అక్షరాలు, లాగిన్ అన్న మాట. బాబాయి యూజర్ నేమ్, పాస్‌వర్డ్ కొట్టండి. పాస్‌వర్డ్ కొడుతున్నప్పుడు చుక్క కూడా కనిపించదు, కంగారు పడొద్దు.

ఇప్పుడు మీరు కొట్టే కమాండ్‌ను ఆయన కాగితం మీద రాసుకుంటున్నారు: సుడో, డీపీకేజీ, రెండు గీతలు పెట్టి కాన్ఫిగర్, ఆఖర్న ఒక గీత పెట్టి ఏ. ఎంటర్. జవాబు: డేటాబేస్ తాళం వేరే ప్రాసెస్ దగ్గర ఉంది. పక్కనే దాని నంబరు.

ఇక్కడే చాలామంది చెడగొట్టుకుంటారు. తాళం ఫైలును డిలీట్ చేసేయమనే సలహా ఎక్కడ పడితే అక్కడ దొరుకుతుంది. దయచేసి ఆ పని చేయకండి. డీపీకేజీ తాళం ఫైలు ఉండటంలో లేదు. ఒక ప్రాసెస్ దాన్ని పట్టుకుని ఉండటంలో ఉంది. ఆ ప్రాసెస్ చస్తే కెర్నల్ తాళాన్ని దానంతటదే విడిపిస్తుంది. తాళం పడి ఉందంటే పట్టుకున్నవాడు బతికే ఉన్నాడని అర్థం. అప్పుడు ఫైలు తీసేస్తే ఒకే డేటాబేస్ మీద రెండు చేతులు రాయడం మొదలుపెడతాయి.

ఆ నంబరును ‘పీఎస్’ కమాండ్‌తో వెతకండి. డీపీకేజీయే. దాని కింద డీకేఎంఎస్, దాని కింద మేక్, అట్టడుగున అదే సీసీ1. విండో పోయినా డ్రైవర్ కంపైలవుతూనే ఉంది! బాబాయికి చూపించండి. ఆయన కళ్లజోడు సర్దుకుని ఆ నాలుగు పేర్లూ వేలు పెట్టి చదువుతారు, మళ్లీ కూర్చుంటారు.

కాసేపాగి అదే పీఎస్ కొడితే ఎవరూ లేరు. ఇప్పుడు ఇందాకటి కాన్ఫిగర్ కమాండ్ మళ్లీ. ఈసారి తాళం మాట లేదు. ఆగినచోటు నుంచి ప్యాకేజీలు ఒక్కొక్కటే సర్దుకుంటున్నాయి. అది ముగిశాక ఆప్ట్‌కి ఫిక్స్ బ్రోకెన్ ఇన్‌స్టాల్, ఆపైన అప్‌డేట్, ఫుల్ అప్‌గ్రేడ్. మిగిలిపోయినవి పూర్తయ్యాయి. కెర్నల్‌ను బూట్ చేయించే ఫైలు ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ తయారైంది. బూట్‌లోడర్ గ్రబ్ కొత్త కెర్నల్‌ను పట్టుకుంది. ఏ దశలో ఏం జరిగిందో తర్వాత చూసుకోవాలంటే వార్ కింద లాగ్ ఫోల్డర్‌లో డిస్ట్ అప్‌గ్రేడ్ అనే ఫోల్డర్ ఉంది. అందులో మెయిన్ లాగ్, ఆప్ట్ టెర్మ్ లాగ్ చదవండి.

కీబోర్డు దీపం కూడా వెలగని అసలు హ్యాంగ్ వస్తే? అప్పటికీ పవర్ బటన్‌కి ముందు ఒక మెట్టుంది. ఆల్ట్, ప్రింట్ స్క్రీన్ పట్టుకుని ఎస్, యూ, బీ నిదానంగా ఒకదాని తర్వాత ఒకటి. డిస్కుకు రాయాల్సింది రాసేయడం, డిస్కును చదవడానికి మాత్రమే ఉంచడం, రీబూట్. ఉబుంటులో ఈ మూడూ మొదటినుంచీ అనుమతించే ఉంటాయి. కెర్నల్‌కి చివరి ఊపిరి మిగిలి ఉంటే వింటుంది.

మనకు అంతదాకా రాలేదు. ‘రీబూట్’ అని కొట్టండి. లాగిన్ తెర దగ్గర ఆగకుండానే డెస్క్‌టాప్ తెరుచుకుంది, ఆయన సెట్టింగు అలాగే ఉంది మరి. బాబాయి మౌస్ అందుకుని ముందుగా తన వ్యాసాల ఫోల్డర్ తెరిచారు. పోతన అక్షరాలు, ఒత్తులు, గుణింతాలు అన్నీ ఉన్నాయి.

“రేపు 24.04కి కూడా మార్చేద్దామా?”

“ముందు పెన్‌డ్రైవ్‌లోకి ఇవన్నీ కాపీ చేద్దాం బాబాయ్. ఆ తర్వాత అప్‌గ్రేడ్ టెర్మినల్లోంచే చేద్దాం.”

ఉబుంటు 20.04కి మామూలు మద్దతు 2025 మేలోనే ముగిసింది. అక్కడినుంచి 24.04కి నేరుగా దారి లేదు, 22.04 మీదుగానే వెళ్లాలి. మీ ఇంట్లోనూ ఆ వెర్షన్ నడుస్తుంటే, ముందు మీ ఫైళ్లు మరో డిస్కులోకి కాపీ చేసుకుని, డేటా కోటా చూసుకుని, యూపీఎస్ ఉందని నిర్ధారించుకున్నాకే మొదలుపెట్టండి.