పిల్లల డర్ట్ బైక్ ఎయిర్ ఫిల్టర్: శుభ్రత, మార్పిడి

ఇంజన్‌లోకి వెళ్లే గాలిలోని దుమ్మును ముందే ఆపే భాగం ఎయిర్ ఫిల్టర్. పిల్లల కోసం తయారయ్యే 50 సీసీ తరగతి డర్ట్ బైకుల్లో ఇది ఎక్కువగా నూనె పట్టించిన స్పాంజి ముక్క. యమహా పీడబ్ల్యూ50, హోండా సీఆర్ఎఫ్50ఎఫ్ వంటి పేరున్న బండ్లలోనైనా, తాడు లాగి స్టార్ట్ చేసే చౌక 49 సీసీ టూ స్ట్రోక్ బండ్లలోనైనా దాని పని ఒకటే. బండి మొత్తంలో తక్కువ ఖరీదు భాగాల్లో ఇదొకటి. దీన్ని పట్టించుకోకపోతే అరిగిపోయేవి మాత్రం పిస్టన్, రింగులు, సిలిండర్.

లీటరు పెట్రోలు సరిగా మండాలంటే సుమారు 9 వేల లీటర్ల గాలి కావాలి. అంత గాలీ ఎక్కడి నుంచి వస్తుందన్నదే అసలు సంగతి. పిల్లల బండి చక్రాలు చిన్నవి, పై రెండు నమూనాలకూ 10 అంగుళాలవే. అందుకని గాలి పీల్చే చోటు నేలకు బాగా దగ్గరగా ఉంటుంది. ముందు అన్న బండి పోతుంటే వెనక తమ్ముడి బండి పీల్చేది ఆ ముందు బండి లేపిన దుమ్మునే.

భారతదేశంలో ఈ బండ్లకు దుమ్ము తప్పదు. మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం 50 సీసీ మించని బండి నడపాలన్నా 16 ఏళ్లు నిండాలి. మైనర్లు రోడ్డెక్కితే తల్లిదండ్రులకు 25 వేల రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు ఉండేలా 2019 సవరణ నియమం తెచ్చింది. కాబట్టి చిన్నపిల్లల బండి తిరగాల్సింది పెద్దల కళ్లెదుట, సొంత జాగాలోనే. జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోని టేకుమట్ల వంటి మండలంలో అలాంటి జాగా అంటే వరి కోసిన పొలమో, దున్నని చెలకో.   అలాంటి నేలపై తిరిగే ఏ బండి ఫిల్టర్‌ను విప్పి చూసినా దుమ్ము ఎంత పడుతుందో తెలుస్తుంది.

కంటికి కనబడే ఇసుక రేణువు కన్నా ప్రమాదకరమైంది చెలకలో లేచే సన్నటి దుమ్ము. ఇసుక బరువుకు చాలా వరకు ఫిల్టర్ పెట్టెలోనే కింద పడుతుంది. పది, ఇరవై మైక్రాన్ల దుమ్ము అలా ఆగదు. రింగుకూ సిలిండర్ గోడకూ మధ్య ఉండే పలుచటి నూనె పొరలో చేరి, వాల్వులు అరగదీసే గ్రైండింగ్ పేస్టులా పనిచేస్తుంది. మట్టిలోని సిలికా ఇంజన్‌లోని ఇనుము కన్నా గట్టిది మరి. గీతలు పడ్డ సిలిండర్‌లో కంప్రెషన్ తగ్గుతుంది, బండి ఎంత లాగినా స్టార్ట్ కాదు.

స్పాంజి ఒక్కటే ఈ దుమ్మును ఆపలేదు. దాని రంధ్రాలు దుమ్ము కన్నా పెద్దవి. ఆపేది వాటికి పట్టించిన జిగురు నూనె. పాత ట్రాక్టర్ల ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనర్ తెలిసిన రైతుకు ఇది కొత్త కాదు. అక్కడ గాలి గిన్నెలోని నూనెను తాకి, తడిసిన జాలీ గుండా పోతుంది, దుమ్ము నూనెకు అంటుకుంటుంది. సూత్రం అదే. అందుకే శుభ్రంగా కడిగి, నూనె పట్టించకుండా బిగించిన స్పాంజి మురికి స్పాంజి కన్నా ఎక్కువ నష్టం చేస్తుంది. మురికిది గాలిని అడ్డుకుంటుంది, అప్పుడు పెట్రోలు ఎక్కువై నల్ల పొగ వస్తుంది, స్పార్క్ ప్లగ్గు మసిబారుతుంది, బండి పికప్ పోతుంది. ఇవన్నీ కనబడే లక్షణాలు. పొడి స్పాంజిది కనబడని నష్టం, బండి హాయిగా పరుగెత్తుతూనే లోపల అరిగిపోతుంది.

విప్పే ముందే సీటు చుట్టూ, ఫిల్టర్ మూత చుట్టూ తడిగుడ్డతో తుడవాలి. లేకపోతే ఆ మట్టి నేరుగా కార్బ్యురేటర్‌లోకి జారుతుంది. స్పాంజి తీయగానే గాలి గొట్టం నోటికి శుభ్రమైన గుడ్డ అడ్డం పెట్టాలి. ఆ గుడ్డ పెట్టే ముందు గొట్టం లోపల వేలుతో ఒకసారి రాసి చూడడం మంచి మెకానిక్ అలవాటు. వేలికి ఎర్ర మట్టి అంటిందంటే ఫిల్టర్ అంచు దగ్గర ఎక్కడో సందు ఉన్నట్టు. అప్పుడు స్పాంజిని ఎంత కడిగినా లాభం లేదు, ముందు ఆ సందు మూయాలి.

కడగడానికి స్పాంజి క్లీనర్ దొరక్కపోతే కిరోసిన్ వాడేవాళ్లున్నారు. పెట్రోలు మాత్రం ఎన్నడూ వద్దు. దాని ఆవిరి నిప్పందుకుంటుంది, స్పాంజి అతుకుల జిగురూ వదులవుతుంది. పాత నూనె వదిలాక గోరువెచ్చని సబ్బునీళ్లలో వత్తాలి. బట్టను పిండినట్టు మెలిపెడితే స్పాంజి చిరుగుతుంది, అరచేతుల మధ్య నొక్కాలంతే. నీడలో పూర్తిగా ఆరాలి. లోపల తడి ఉంటే నూనె పట్టదు. తర్వాత ఫిల్టర్ ఆయిల్ పోసి, ఏ మూలా తెల్లగా మిగలకుండా నలుపుతూ పట్టించాలి, ఎక్కువైనది పిండేయాలి. చిన్న ఇంజన్ పీల్చే బలం తక్కువ. నూనె కారుతున్న స్పాంజి గుండా అది గాలి లాగలేదు. చివర పెట్టెకు తగిలే అంచుకు పలుచగా గ్రీజు రాసి, ముడత పడకుండా కూర్చోబెట్టాలి.

ఎన్నాళ్లకోసారి అన్నదానికి తేదీ కన్నా నేలే గుర్తు. తడిమట్టిలో తిరిగితే కొన్నాళ్లు ఆగొచ్చు, ఎండాకాలం పొడి నేలలో ఐతే తిరిగిన ప్రతిసారీ విప్పి చూడాల్సిందే. 2015లో డాకర్ ర్యాలీ పూర్తిచేసిన తొలి భారతీయుడు సి.ఎస్. సంతోష్ పాల్గొన్న ఎడారి బైకు పోటీల్లో, రోజు పరుగు ముగియగానే ఫిల్టర్ మార్చడం మెకానిక్‌ల మామూలు పని.

కడిగే స్పాంజికీ ఆయుష్షు ఉంది. వేళ్ల మధ్య నొక్కితే పొడిపొడిగా రాలినా, అతుకు విడిచినా, అంచు గట్టిపడినా మార్చేయాలి. ఏళ్ల తరబడి మూలన పడి ఉన్న బండిలోని స్పాంజి ముట్టుకుంటే జిగటగా ముక్కలవుతుంది. దాన్ని అలాగే ఉంచి కిక్ కొడితే ఆ ముక్కలు ఇంజన్‌లోకే పోతాయి. సరిపోయే కొలతది దొరక్కపోతే పరుపు స్పాంజి కత్తిరించి పెట్టడం కొందరు చేసే పని. అది గాలి పారే రకం కాదు, పెట్రోలు ఆవిరికి నిలవదు కూడా. పెద్ద కమ్యూటర్ బైకుల కాగితం ఫిల్టర్ లెక్క వేరు, దాన్ని కడగకూడదు, మార్చాలి. స్పాంజి ఉన్న బండికి అదనంగా ఒకటి కొని, నూనె పట్టించి, గాలి చొరని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుంటే మురికిది ఆరేదాకా పిల్లవాడు ఆగాల్సిన పని ఉండదు.